బాబిను

గుణుపురం పశువుల ఆసుపత్రి వెనక వరండాలో
సిమెంటు తొట్టె. అందులో ఆరు.
అయిదింటిని ఆ వారంలోనే ఎవరెవరో పట్టుకుపోయారు.
నేను వెళ్ళేసరికి ఒకటే మిగిలింది,
గోడకి సున్నం వేసినట్టు తెల్లగా,
కళ్ళు నీలిమందు చుక్కల్లా.
గాలికి తలుపు ధడేలుమంటే
తల తిప్పలేదు.

"ఇది వినదు" అంది మినతి, ఒడియాలో.
"తాడు లేకుండా రోడ్డు మీదకి వదలొద్దు.
నిద్రలో ముట్టుకోవద్దు, భయంతో కరుస్తుంది.
ముక్కు ముందు చెయ్యి పెట్టు, వాసన చూసి లేస్తుంది.
ఇవన్నీ చెయ్యగలిగితేనే సంతకం."
నా తెలుగు సంతకం కింద
తను ఒడియాలో ఏదో రాసుకుంది.
నిజానికి నేను వెళ్ళింది మేక మందుకి.
మందు మరిచిపోయాను.

మా ఆడపడుచు గడపలోనే ఆపింది:
"నీలికళ్ళదా? ఏటే ఇది, కీడు కాదేటి?
సెవిటి కుక్క, దొంగొస్తే ఏటి సేస్తాది?"
మా ఇంట్లో దొంగకేముంది,
నాలుగు జాకెట్టు ముక్కలు, ఒక ఇస్త్రీపెట్టె,
బడిపిల్లల యూనిఫాంల అరువు చీటీలు.

మా ఊళ్ళో పూటకి మూడు భాషలు నోట్లో తిరుగుతాయి.
కొలతలు ఒడియాలో చెప్పి బేరం తెలుగులో ఆడతారు.
కొండ దిగొచ్చే సొంబారి అయితే
సవరలో ముందు నవ్వి, తర్వాత గుడ్డ మూట విప్పుతుంది.
ఒక్క మాట తప్పు పడితే చాలు,
జాకెట్టు చెయ్యి పొట్టయిపోతుంది.
ఇన్నింటి మధ్య వీడు
ఏ భాషకీ బాకీ లేడు.

పేరెందుకు, అన్నాడు మా ఆయన దండాసి,
పిలిస్తే రానిదానికి.
నాకు కోపం వచ్చింది.
ఎదురుగా లేనప్పుడు తలుచుకోడానికైనా ఒకటి ఉండొద్దా?
బాబిను అని పెట్టాను.
మిషను అడుగున ఎవరికీ కనపడకుండా కూర్చుని
పైదారాన్ని పట్టుకునేది.

మొదటి నెలంతా తప్పులే.
అరచెయ్యి చూపిస్తే 'ఆగు' అని నా లెక్క,
'తిండి' అని వాడి లెక్క.
ఎంతమంది కాళ్ళకి అడ్డం పడ్డాడో.
ఓ మధ్యాహ్నం మరిచిపోయి వెనకనుంచి ఎత్తాను,
బొటనవేలికి పన్ను దిగింది.
కరిచి, వాడే మంచం కిందకి దూరి ఏడ్చాడు.
ఆ వారమంతా కాజాలు కుట్టలేకపోయాను.

అప్పుడు ఊరికే కూర్చుని చూస్తే తెలిసింది.
మెత్తగా గోనె పరిచినా దాని మీద పడుకోడు.
వట్టి నేల మీద, మిషను ఇనపకాలికి పొట్ట ఆనించి,
నేను తొక్కుతున్నంతసేపే నిద్ర.
తొక్కుడు ఆగితే కళ్ళు తెరుస్తాడు.
పొద్దుటి బండి కూత మాకు వినపడేలోపే
లేచి నిలబడి నేలవైపు చూస్తాడు.
గేటు డ్యూటీ చేసే దండాసి ఇప్పుడు
చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వీడివంక ఓ చూపు వేస్తాడు.

ఆడపడుచా?
మొన్న ఇంట్లో ఎవరూ లేరనుకుని
వాడిని ముందు కూర్చోబెట్టుకుని
మొగుడి సంగతులన్నీ చెప్పుకుంది,
నాకెప్పుడూ చెప్పనివి.
పెరట్లో తడిబట్టలు పట్టుకుని
అలాగే నిలబడిపోయాను.

నిన్న రాత్రి వంశధార వైపునుంచి గాలివాన.
కరెంటు పోయింది.
టార్చి దండాసితో గేటు దగ్గర.
చీకట్లో నా చేతులకి మాట పడిపోయింది.
గోడ గోడకీ గుద్దుకుంటూ వాడు నన్ను వెతుకుతున్నాడు,
గోళ్ళ చప్పుడు నాకు తెలుస్తూనే ఉంది.
బాబినూ, బాబినూ అని అరిచాను కూడా,
ఎవరికోసమో.

తడుముకుంటూ వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను.
సూదిలో దారం లేదు, సూది కింద గుడ్డ లేదు.
తొక్కడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి కాలి మీద తడి ముక్కు.
తర్వాత బరువు.

మూడింటికో ఎప్పుడో లైటు వెలిగింది.
సొంబారి జాకెట్టు ఇవాళ ఇవ్వాలి,
ఇంకా చేతులు ఎక్కించలేదు.